మోర్మన్ గ్రంథాన్ని కథగా చదివించే ప్రతి: మాక్స్‌వెల్ ఇన్‌స్టిట్యూట్ స్టడీ ఎడిషన్ సమీక్ష

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం బైబిల్‌తో పాటు దేవుని వాక్యంగా స్వీకరించే మోర్మన్ గ్రంథాన్ని సాహిత్యంగా కూడా చదవాలనుకునే వారికి ముందుగా ఏ ప్రతిని ఇవ్వాలి అని ఎవరైనా అడిగితే, 2018లో వెలువడిన మాక్స్‌వెల్ ఇన్‌స్టిట్యూట్ స్టడీ ఎడిషన్‌నే నేను చెబుతాను. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి చెందిన నీల్ ఎ. మాక్స్‌వెల్ ఇన్‌స్టిట్యూట్, అదే యూనివర్సిటీలోని రిలీజియస్ స్టడీస్ సెంటర్, డెజరెట్ బుక్ ప్రచురణ సంస్థ కలిసి తెచ్చిన ఈ ఇంగ్లీషు ప్రతికి గ్రాంట్ హార్డీ సంపాదకుడు. సంఘ సభ్యుడిగా నాకు ఈ గ్రంథం పవిత్రమైనది. అయినా ఈ సమీక్షలో నేను ప్రధానంగా మాట్లాడేది పుటల గురించి, పేరాల గురించి, శీర్షికల గురించి, పాదసూచికల గురించి. ఒక పవిత్ర గ్రంథం మనకు ఎలా అర్థమవుతుందనేది అది అచ్చయిన పద్ధతి మీద ఎంతగా ఆధారపడి ఉంటుందో ఈ ప్రతి చూపినంత స్పష్టంగా నేను చదివిన మరే ప్రతీ చూపలేదు.

ఇందులోని మూలపాఠం కొత్తది కాదు. సంఘం 2013లో ప్రచురించిన అధికారిక ఇంగ్లీషు పాఠాన్నే సంపాదకుడు తీసుకున్నారు. మారింది అమరిక. రెండు నిలువు వరుసలు పోయి ఒకే వరుస వచ్చింది. ప్రతి వచనమూ విడి పేరాగా మొదలయ్యే పద్ధతి పోయి, భావం పూర్తయ్యేదాకా సాగే పేరాలు వచ్చాయి. వచనాల అంకెలు పంక్తుల మధ్య చిన్నవిగా ఒదిగిపోయాయి. సంభాషణలకు కొటేషన్ గుర్తులు పెట్టారు, కవిత్వమని తోచిన చోట పాదాలుగా విరిచారు, కథ మలుపు తిరిగిన చోటల్లా చిన్న శీర్షిక చేర్చారు. ఇంత మాత్రమే. చదివేవారి మనసులో ఈ మాత్రం మార్పు ఎంత పని చేస్తుందో తెలియాలంటే ఈ గ్రంథపు పుట ఎలా మారుతూ వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి.

సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1829లో చెబుతూ ఉండగా ఆలివర్ కౌడరీ, మరికొందరు లేఖకులు రాసుకున్న తొలి రాతప్రతిలో విరామచిహ్నాలు దాదాపుగా లేవు. న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్మైరాలో గ్రాండిన్ అచ్చుశాలలో 1830లో 5,000 ప్రతులు ముద్రించినప్పుడు, అక్షరాలు కూర్చిన జాన్ గిల్బర్ట్ కామాలూ చుక్కలూ పెట్టి పాఠాన్ని పేరాలుగా విడగొట్టారు. అంటే ఈ గ్రంథాన్ని మొదట చదివిన వాళ్లు దాన్ని ఆనాటి ఇతర పుస్తకాల లాగానే చదివారు. ఇప్పుడున్న అధ్యాయాలూ వచనాలూ 1879లో ఆర్సన్ ప్రాట్ చేసిన విభజన. 1920లో జేమ్స్ టాల్మేజ్ ఆధ్వర్యంలో వచ్చిన ప్రతి దానికి బైబిల్‌లో లాగా రెండు వరుసల పుటను ఇచ్చింది. 1981 ప్రతి కొత్త అధ్యాయ సారాంశాలనూ విస్తారమైన పాదసూచికలనూ చేర్చింది. ఉపదేశానికీ, వెతుక్కోవడానికీ, కంఠస్థం చేయడానికీ ఇవన్నీ ఎంతో ఉపకరించాయి. ఆదివారం తరగతిలో అందరూ ఒకే చోటికి చేరాలంటే అంకె కావాల్సిందే. కాని ఆ క్రమంలో చెప్పేవాడి గొంతు వెనక్కి వెళ్లి, ఒక్కొక్క వచనం విడిగా నిలబడే సూక్తిగా మారింది.

సంఘంలో పెరిగిన పిల్లలందరికీ నోటికి వచ్చే వచనం 1 నీఫై 3:7. యెరూషలేము విడిచి అరణ్యంలో ఉన్న లీహై ప్రవక్త, నగరంలో లాబాను అనే అధికారి దగ్గరున్న లేఖనాల ఇత్తడి పలకలు తెమ్మని కొడుకులను పంపే సందర్భం. ప్రభువు ఆజ్ఞాపించినవాటిని నేను వెళ్లి చేస్తాను, ఎందుకంటే దారి సిద్ధపరచకుండా ఆయన ఏ ఆజ్ఞా ఇవ్వడు అని నీఫై తండ్రితో అనే మాట అది. మిషనరీ సేవకు బయలుదేరే యువకులు వీడ్కోలు ప్రసంగాల్లో చెప్పేదీ అదే. విడి వచనంగా అది నిర్భయమైన ప్రతిజ్ఞ. ఈ ప్రతిలో అదే మాట ఒక పేరా మధ్యలో వచ్చి, కన్ను ఆగకుండా ముందుకు సాగిపోతుంది. సాగిన కొద్దీ ఎదురయ్యేవి వైఫల్యాలు. అన్నదమ్ములు చీట్లు వేసుకుంటారు, లాబాను దగ్గరికి లేమన్ వెళ్లి ప్రాణభయంతో పారిపోయి వస్తాడు. వదిలివచ్చిన ఇంటి బంగారమూ వెండీ పోగుచేసుకుని మళ్లీ వెళ్తే లాబాను ఆ సొత్తు కాజేసి వాళ్లను చంపడానికి మనుషులను పంపుతాడు. అన్నలు తమ్ముళ్లను కర్రతో కొడతారు. మూడోసారి నీఫై ఒక్కడే రాత్రివేళ నగరంలోకి వెళ్లి, తాగి పడి ఉన్న లాబానును ఆత్మ ప్రేరణతో చంపవలసి వచ్చినప్పుడు, ఇంతకు ముందెన్నడూ మనిషి రక్తం చిందించలేదని వెనకాడతాడు. ప్రతిజ్ఞకూ ఆ రాత్రికీ మధ్య ఒక్క పుట దూరమే ఉంది. అంకెల మధ్య చదివినప్పుడు నాకు ఈ దూరం ఎన్నడూ కొలతకు రాలేదు. మొదటి మాట అన్నవాడు దాని ఖరీదు తెలియకుండానే అన్నాడనీ, తెలిశాక కూడా ఆ మాటను దాచకుండా రాసిపెట్టాడనీ అర్థమైనప్పుడు ఆ వచనం మీద నాకున్న గౌరవం పెరిగింది.

రాసిపెట్టాడు అన్నాను గనుక, ఎప్పుడు రాశాడో కూడా చూడాలి. 2 నీఫై 5వ అధ్యాయం ప్రకారం, యెరూషలేము విడిచిన 30 ఏళ్లు గడిచాక గాని, తాను ఈ కథ రాసిన లోహపు పలకలు చేయమన్న ఆజ్ఞ నీఫైకి రాలేదు. 40 ఏళ్లు నిండే సరికి అన్నల వంశంతో యుద్ధాలు కూడా జరిగిపోయాయి. తండ్రి చనిపోయాడు, కుటుంబం రెండుగా చీలింది. కాబట్టి 1 నీఫైలో మనం చదివే యువకుడి కథను చెబుతున్నది ముగింపు ఎరిగిన నడివయసు మనిషి. ఈ ఎరుకతో 16వ అధ్యాయంలోని విల్లు ఘట్టాన్ని చదివితే ఎంతో కనబడుతుంది. మంచి ఉక్కుతో చేసిన నీఫై విల్లు విరిగిపోతుంది, అన్నల విల్లులు అంతకు ముందే బిగువు కోల్పోయాయి, తిండి లేదు. తండ్రి లీహై కూడా దేవుని మీద సణుగుతాడు. నీఫై కర్రతో ఒక విల్లు, సరళమైన పుల్లతో ఒక బాణం తయారు చేసుకుని, నేరుగా అడవిలోకి పోకుండా తండ్రి ముందు నిలబడి, ఆహారం కోసం ఎటు వెళ్లమంటారు అని అడుగుతాడు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఆ ప్రశ్నతో తండ్రికి ఇంటి పెద్దగా, ప్రవక్తగా ఉన్న స్థానం తిరిగి దక్కుతుంది. లీహై ప్రార్థిస్తాడు, చీవాట్లు తింటాడు, దారి తెలుసుకుంటాడు. తండ్రి పోయిన తర్వాత, అన్నలతో తెగిపోయిన తర్వాత ఈ సంగతి రాస్తున్న కొడుకు దాన్ని ఎంత పొదుపుగా చెప్పాడో ఈ ప్రతి పేరాల్లో చూస్తే తెలుస్తుంది. పాత పుటలో ఈ ఘట్టం పదిహేను ముక్కలుగా చిందరవందరగా కనబడేది.

ఇంకో మంచి పని ఏమిటంటే, 1830 నాటి అధ్యాయాలు ఎక్కడ మొదలయ్యేవో ఈ ప్రతి ప్రతిచోటా సూచిస్తుంది. 1 నీఫైకి నేడు 22 అధ్యాయాలు ఉంటే, మొదటి ముద్రణలో ఉన్నవి 7 మాత్రమే. ఆల్మా ప్రవక్త తన ముగ్గురు కొడుకులకు చేసిన హితబోధ ఇందుకు చక్కని ఉదాహరణ. పెద్దవాడు హీలమన్‌కు చెప్పినది నేటి 36, 37 అధ్యాయాలు. షిబ్లోన్‌కు చెప్పినది 15 వచనాల చిన్న 38వ అధ్యాయం. పరిచర్య వదిలి ఇసబెల్ అనే స్త్రీ వెంట వెళ్లిన చిన్నవాడు కొరియాంటన్‌కు చెప్పినది 39 నుంచి 42 దాకా. తొలి ముద్రణలో ఇవి మూడు అధ్యాయాలే, కొడుకుకు ఒకటి చొప్పున. ప్రాట్ విభజన తర్వాత కొరియాంటన్ భాగం నాలుగు పాఠాలుగా విడిపోయి, పునరుత్థానం మీద ఒకటి, పునఃస్థాపన మీద ఒకటి, న్యాయమూ కనికరమూ మీద మరొకటి అన్నట్టుగా సిద్ధాంత వ్యాసాలయ్యాయి. ఒకే ప్రసంగంగా చదివినప్పుడు తండ్రి ఎదురుగా కూర్చున్న కొడుకు ముఖం కనబడుతుంది. 40, 41, 42 అధ్యాయాల మొదట్లో ప్రతిసారీ ఆల్మా, నీ మనసు ఫలానా విషయంలో కలతపడుతున్నట్టు నాకు తోస్తోంది అనే మొదలుపెడతాడు. కొడుకు నోరు విప్పడు. తండ్రి అతని ముఖం చదువుతూ, అడగని ప్రశ్నలకు జవాబు చెబుతూ, గద్దింపుతో మొదలైన మాటను దేవుడు శిక్షించడం అన్యాయం కాదా అన్న లోతైన సందేహం దాకా తీసుకువెళ్తాడు. చివరికి మళ్లీ వెళ్లి వాక్యం బోధించమని అదే కొడుకును పంపిస్తాడు. ఇది సిద్ధాంతమే, కాని దారి తప్పిన బిడ్డతో మాట్లాడుతూ ఒక తండ్రి తనలో నుంచి తోడిన సిద్ధాంతం. తరగతిలో ఈ నాలుగు అధ్యాయాలను కలిపి బయటికి చదివించాలని నాకు గట్టిగా అనిపించింది.

మోషైయ గ్రంథంలోని కాలక్రమం ఎంత చిక్కుగా ఉంటుందో దాన్ని మొదటినుంచీ చదివిన వాళ్లకు తెలుసు. అమ్మోన్ బృందం తప్పిపోయిన వలసను వెతుక్కుంటూ లింహై రాజు దగ్గరికి చేరుతుంది. వెంటనే కథ రెండు తరాలు వెనక్కి వెళ్లి, ఆ వలసకు మూలపురుషుడైన జెనిఫ్ స్వయంగా రాసుకున్న వృత్తాంతంలోకి దిగుతుంది. ఆపైన నోవహు రాజు, అబినడై ప్రవక్త, పైన చెప్పిన ఆల్మాకు తండ్రి అయిన మరో ఆల్మా పారిపోవడం, అన్నీ అయ్యాక మళ్లీ లింహై కాలానికి వస్తుంది. హార్డీ చేర్చిన శీర్షికలు ఇక్కడ నిజంగా చేయూత. ఏ పత్రం ఎక్కడ మొదలైంది, ఎవరు మాట్లాడుతున్నారు, ఎక్కడ సంకలనకర్త మోర్మన్ తిరిగి కలం పట్టాడు అన్నది చూడగానే తెలుస్తుంది. 9, 10 అధ్యాయాల్లో ఉన్న జెనిఫ్ గొంతును ఈ ప్రతిలో చదివాకే నేను సరిగ్గా విన్నాననుకుంటాను. లేమనీయుల, అంటే నీఫై అన్నల వంశస్థుల, బలగాన్ని వేగు చూడడానికి వెళ్లినవాడు వాళ్లలోని మంచిని చూసి, వీళ్లను నాశనం చేయకూడదని కోరుకుంటాడు. ఆ మాట మీద సొంత దళమే చీలి, తండ్రులు తండ్రులతో, అన్నదమ్ములు అన్నదమ్ములతో పోరాడేదాకా వెళ్తుంది. అదే మనిషి ముసలితనంలో, శత్రురాజు తంత్రంలో చిక్కుకున్నాక, ఆ జనాన్నే క్రూరులనీ రక్తపిపాసులనీ వర్ణిస్తాడు. ఈ మార్పు మీద గ్రంథం ఏ వ్యాఖ్యా చేయదు. రెండు అధ్యాయాల పొడవున్న మనిషిలో ఆశ ఎలా చేదెక్కిందో మనమే చూడాలి.

పైగా ఆ చేదు మాటల మధ్యలోనే జెనిఫ్ శత్రువుల వాదనను కూడా నమోదు చేశాడు: తమ పితరులకు అరణ్యంలో అన్యాయం జరిగిందనీ, సముద్రం దాటుతున్నప్పుడు అన్యాయం జరిగిందనీ, పరిపాలన హక్కునూ పలకలనూ నీఫై తమకు దక్కకుండా చేశాడనీ లేమనీయులు నమ్ముతారని. అంటే 1 నీఫైని తమ్ముడి వైపు నుంచి చదివిన మనకు, వందల ఏళ్ల తర్వాత, అన్నల వైపు కథ శత్రువు నోట వినబడుతుంది. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూడమని చెప్పే పఠన పద్ధతినే నేను సాహిత్య పఠనం అంటున్నాను. దానికి విశ్వాసాన్ని పక్కన పెట్టనక్కర లేదు.

సంపాదకుడికి ఈ చూపు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. హార్డీ నార్త్ కరోలినా యూనివర్సిటీ ఆష్‌విల్ శాఖలో చరిత్ర బోధించిన ఆచార్యులు. ప్రాచీన చైనా చరిత్రకారుడు సీమా చియెన్ మీద పరిశోధన చేసినవారు. ఒకే సంఘటనను వేర్వేరు అధ్యాయాల్లో వేర్వేరుగా చెప్పి, ఏది ఎక్కడ ఉంచాడన్న దానితోనే తన తీర్పు తెలియజేసే చరిత్రకారుడిని చదివిన కన్ను, పలకల మీద వేల సంగతుల్లోంచి కొన్నిటిని ఎంచుకున్నానని చెప్పే మోర్మన్‌ను గుర్తుపట్టడంలో వింత లేదు. 2003లోనే యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయి ప్రెస్ ద్వారా ఆయన 1920 పాఠంతో ఒక పాఠకుల ప్రతి తెచ్చారు. 2010లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన విమర్శ గ్రంథంలో నీఫై, మోర్మన్, మోర్మన్ కొడుకు మొరోనై అనే ముగ్గురు కథకులను విడివిడిగా పరిచయం చేశారు. స్టడీ ఎడిషన్‌లో విశేషం ఏమిటంటే, ఆ కృషి ఫలితం సంఘానికి చెందిన యూనివర్సిటీ ద్వారా, సంఘపు అధికారిక పాఠం మీద సామాన్య సభ్యుడి చేతికి వచ్చింది.

కవిత్వం దగ్గర నా అభిప్రాయం కొంచెం మిశ్రమం. 2 నీఫై 4లో తండ్రి మరణం తర్వాత నీఫై తన బలహీనత మీద తానే విలపించే భాగం పాదాలుగా విరిచినప్పుడు కీర్తనల గ్రంథానికి తోబుట్టువులా నిలుస్తుంది. ప్రశ్న మీద ప్రశ్నగా సాగి, మేలుకో నా ప్రాణమా అన్న పిలుపు దగ్గర మలుపు తిరిగే ఆ లయ ఈ అమరికలో చక్కగా తెలుస్తుంది. బైబిల్ నుంచి ఉటంకించిన యెషయా అధ్యాయాలకు కూడా ఇది ఎంతో మేలు చేసింది. 2 నీఫైలో చాలామంది పాఠకులు ఆగిపోయే చోటు అదే. కాని ఎక్కడ పాదం విరవాలి అన్నది సంపాదకుడి నిర్ణయమని మరువకూడదు. ఇదే జాగ్రత్త ఆల్మా 36 విషయంలోనూ అవసరం. 1967లో జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్‌లో సేవ చేస్తున్న జాన్ వెల్చ్ అనే యువ మిషనరీ, హెబ్రీ రచనల్లో కనిపించే ఒక నిర్మాణం, అంటే మొదట చెప్పిన మాటలు వరుస తిరగబడి చివర మళ్లీ వచ్చి మధ్యలో ఉన్న మాటకు బలమిచ్చే పద్ధతి, మోషైయ 5లోనూ ఆల్మా 36లోనూ ఉందని గమనించారు. ఆల్మా 36కు నడిబొడ్డున యేసు క్రీస్తు పేరు తలచుకున్న క్షణం నిలవడం నిశ్చయంగా గొప్ప నిర్మాణమే. అయితే అన్ని వచనాలూ ఆ పటంలో సమానంగా ఇమడవు. కొన్ని జతలు స్పష్టం, కొన్ని లాగి కలిపినవి. ఆ నిర్మాణాన్ని గ్రంథపు ప్రాచీనతకు రుజువుగా వాడే ఉత్సాహం కంటే, నొప్పి ఎంతో ఆనందం అంత అని ఆ తండ్రి కొడుక్కి ఎలా చెప్పాడన్నది చదవడమే నాకు విలువైనదిగా తోస్తుంది.

పాదసూచికలు తక్కువ, పొట్టివి, పనికొచ్చేవి. ఒక చోటి మాట ఈ గ్రంథంలోనే మరో చోట ప్రతిధ్వనిస్తే చెబుతాయి; భాషా పండితుడు రాయల్ స్కౌసెన్ 1988లో మొదలుపెట్టిన పాఠ పరిష్కరణ కృషి నుంచి ముఖ్యమైన పాఠాంతరాలు ఇస్తాయి. రెండు రాతప్రతుల చరిత్ర తెలిస్తే ఆ పాఠాంతరాల విలువ తెలుస్తుంది. తొలి రాతప్రతిని 1841లో ఇల్లినాయి రాష్ట్రంలోని నావూలో ఒక భవనపు పునాదిరాయిలో ఉంచారు. చెమ్మకు పాడై దాదాపు 28 శాతమే మిగిలింది. అచ్చుశాల కోసం తీసిన నకలును 2017లో, జోసెఫ్ స్మిత్ అనుచరుల్లోంచే వచ్చిన మరో సంఘమైన కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ నుంచి సంఘం 3.5 కోట్ల డాలర్లకు కొన్నది. 1 నీఫై 12:18లో నీతిమంతులకూ దుష్టులకూ మధ్య ఉన్న అగాధం దేవుని న్యాయపు వాక్యం అని అధికారిక పాఠం; తొలి రాతప్రతిలో ఉన్నది న్యాయపు ఖడ్గం. నకలు తీసేటప్పుడు ఒక్క అక్షరం జారిపోయింది. ఇలాంటివి చూసి విశ్వాసం కదిలిపోతుందని భయపడే వాళ్లు మా మధ్య ఉన్నారు. నాకు ఆ భయం లేదు. తప్పులు ఏమైనా ఉంటే అవి మనుషుల తప్పులు అని గ్రంథపు ముఖపత్రమే చెబుతోంది. రాసేవాడి చేయి కనిపించడాన్ని ఇంత ముందుగా ఒప్పుకున్న పవిత్ర గ్రంథాన్ని, ఆ చేతిని గమనిస్తూ చదవడం దానికి విధేయంగా చదవడమే.

నిజానికి తన రాతను గురించి ఇంతగా ఆలోచించే గ్రంథాలు అరుదు. ఈథర్ 12లో మొరోనై, మా రాతలోని బలహీనతను చూసి అన్యజనులు అపహసిస్తారని ప్రభువుకు మొరపెట్టుకుంటాడు. మాట్లాడడంలో ఉన్న శక్తి రాతలో రాదని బాధపడతాడు. ఆ భయం నిజమైంది కూడా: మార్క్ ట్వెయిన్ 1872 నాటి తన యాత్రా గ్రంథంలో ఈ గ్రంథాన్ని మత్తుమందుతో పోల్చి, పదే పదే వచ్చే ‘ఇలా జరిగింది’ అన్న వాక్యారంభాన్ని ఎగతాళి చేశాడు. ఆ పునరుక్తి ఉన్నమాట వాస్తవమే. పేరాల్లో చదివితే అది కథను జరిపే తాళంగా లోపలికి ఇంకిపోతుంది, ప్రతి వచనం మొదట కొట్టొచ్చినట్టు కనబడినప్పటి విసుగు ఉండదు. మొరోనై ఒంటరితనం కూడా ఈ ప్రతిలో కొత్తగా తాకుతుంది. జనమంతా నాశనమై, ఆ దుఃఖగాథ రాయడానికి నేనొక్కడినే మిగిలాను, ఎక్కడికి వెళ్లినా ఒకటే అని మోర్మన్ 8లో అంటాడు. అక్కడే ముగిసిపోతుందనుకుంటాం. తర్వాత, నీఫై జనం కంటే ముందు ఆ దేశానికి వచ్చి నశించిన జెరెదీయుల చరిత్ర సంక్షేపిస్తాడు. మొరోనై 1లో, ఇంకేమీ రాయననుకున్నాను గాని ఇంకా చావలేదు గనుక మరికొంత రాస్తున్నాను అంటాడు. ముగింపు చెప్పి చెప్పి మళ్లీ కలం పట్టే ఈ మనిషిని ఆదివారపు ప్రణాళికలో వారాల వారీగా విడగొట్టి చదివినప్పుడు గుర్తుపట్టడం కష్టం. సంఘపు వారపు పాఠ్య ప్రణాళికలో నాలుగేళ్లకు ఒకసారి ఈ గ్రంథం వంతు వస్తుంది. 2024 అటువంటి సంవత్సరమే. ఆ ప్రణాళికతో పాటు, ఒక్కో కథకుడిని మొదటినుంచి చివరిదాకా ఒక ఊపులో చదవడం అలవాటు చేసుకోవాలని నా మనవి.

సాహిత్య పఠనం అనగానే ఇబ్బందికరమైన చోట్లను అందంగా కప్పేయడం అనుకునేవారు ఉంటారు. అలా జరగకూడదు. 2 నీఫై 5లో లేమనీయుల చర్మపు రంగును శాపంతో ముడిపెట్టే మాటలు ఉన్నాయి. బైబిల్ నుంచి వచ్చిన పేర్లు పక్కన పెడితే, ఈ గ్రంథపు కథలో పేరుతో చెప్పిన స్త్రీలు శరయ, ఇసబెల్, అబీష్ ముగ్గురే. ఎవరు చెబుతున్నారు, ఏ యుద్ధం తర్వాత చెబుతున్నారు అని అడగడం ఆ మాటలను మాయం చేయదు, చేయకూడదు కూడా. వాటిని చెప్పినవాడి పరిమితితో సహా చదివిస్తుంది. అసలు ఈ ప్రశ్న వేయమని నేర్పేది గ్రంథమే. నీఫైయుల (నీఫై వైపు జనపు) నగరం జరహేమ్ల గోడ మీద నిలబడి బోధించిన లేమనీయుడు సమూయేలు చెప్పిన ప్రవచనాల్లో ఒకటి, పునరుత్థానమైన పరిశుద్ధులు అనేకులకు కనిపిస్తారన్నది, నీఫైయుల గ్రంథాల్లోకి ఎక్కనే లేదు. 3 నీఫై 23లో క్రీస్తు స్వయంగా ఆ గ్రంథాలు తెప్పించి చూసి, దీన్ని ఎందుకు రాయలేదు అని అడుగుతాడు. అప్పుడు గాని రాయరు. పవిత్ర గ్రంథం రాసేవాళ్లు పరాయివాడి మాట వదిలేశారనీ, ప్రభువే ఆ ఖాళీని ఎత్తిచూపాడనీ గ్రంథంలోనే ఉండడం నాకు ఈ రచనలో అన్నిటికంటే గొప్ప ఘట్టం. ఒక చోటి నుంచి మరో చోటికి నడిపిస్తూ హార్డీ ఇచ్చిన సూచనలు సమూయేలు ప్రసంగాన్నీ ఈ ఘట్టాన్నీ కలిపి చదవడానికి దారి చూపుతాయి.

లోపాలూ ఉన్నాయి. శీర్షికలు సంక్షిప్తంగా, నిష్పక్షపాతంగా ఉండడానికి ప్రయత్నించినా, ఏ శీర్షికైనా చదవకముందే ఒక అర్థాన్ని చెవిలో వేస్తుంది. మొదటిసారి చదివేవారు వాటిని దాటుకుంటూ చదివితే మంచిది. సూచికలు పొట్టిగా ఉండడం సామాన్యంగా మేలే అయినా, లాబాను వధ వంటి కఠినమైన చోట్ల ఇంకొంచెం సహాయం కావాలనిపిస్తుంది. పాఠం మాత్రం అదే పాత కింగ్ జేమ్స్ బైబిల్ శైలి ఇంగ్లీషు, దాన్ని సరళం చేసే పని ఈ ప్రతి పెట్టుకోలేదు, పెట్టుకోకూడదు కూడా. సంఘపు అధికారిక ప్రతిలో ఉండే విషయ సూచిక, బైబిల్ నిఘంటువులకు నడిపించే సూచికలు ఇందులో లేవు గనుక ప్రసంగం సిద్ధం చేసుకునేవారికి అది పక్కన ఉండాల్సిందే. అనుబంధాల్లో, ఈ గ్రంథపు పలకల గురించి సాక్ష్యం చెప్పినవారి మాటలూ పట్టికలూ ఉన్నాయి, అవసరమైనప్పుడు చూసుకోవచ్చు. బ్రయాన్ కర్షిస్నిక్ చెక్క మీద చెక్కి అచ్చువేసిన చిత్రాలు కథను వివరించాలని చూడకుండా, మనుషుల భంగిమలు మాత్రమే చూపి ఊరుకుంటాయి. ఈ గ్రంథానికి మామూలుగా వేసే కండలు తిరిగిన వీరుల బొమ్మల కంటే నాకివే నచ్చాయి.

తెలుగు పాఠకుల మాటకు వస్తే, ఈ గ్రంథం మనకు కొత్తది కాదు. సమోవాలో సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు ఈ సందేశం చెప్పారు. 2012లో భారతదేశంలోనే మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలను కలిపిన విభాగం, హైదరాబాదులో ఏర్పడింది. రాజమండ్రిలో, విశాఖపట్నంలో తెలుగు మోర్మన్ గ్రంథం చేతపట్టుకుని ఆదివారం కూడుకునేవారు ఉన్నారు. ఆ తెలుగు ప్రతి కూడా వచనాల అంకెలతోనే ఉంటుంది, మన తెలుగు బైబిల్ లాగానే. అందుకే ఈ ఇంగ్లీషు ప్రతి చదువుతున్నంతసేపూ, తెలుగు పాఠాన్ని ఇలా పేరాలుగా, సంభాషణలుగా, పాదాలుగా అచ్చువేస్తే ఎంత బాగుంటుందా అనిపిస్తూనే ఉంది. పోతన పద్యాన్ని దేవుడి ముందు పాడుకుంటూనే అందులోని శబ్దాలంకారాన్ని తరగతిలో చెప్పుకునే జనానికి, భక్తీ రసాస్వాదనా ఒకదానికొకటి అడ్డు కాదని ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు. మన క్రైస్తవ కుటుంబాల్లో వాక్యం చదివే పద్ధతిలోకి మాత్రం ఈ స్వేచ్ఛ ఇంకా సరిగ్గా రాలేదు. తెలుగు ప్రతి అలా వచ్చేలోగా, మా ఇంట్లో మేము చేస్తున్నది ఇది: ఒకరు ఈ స్టడీ ఎడిషన్ పట్టుకుని పేరా ఎక్కడ ముగిసిందో చెబుతారు, మరొకరు తెలుగు ప్రతిలో అంతవరకూ అంకెలు పలకకుండా బయటికి చదువుతారు.

ఇక్కడి పుస్తకాల కొట్లలో ఇది నాకు కనబడలేదు. అమెరికా నుంచి వచ్చే బంధువు చేత తెప్పించుకున్నాను. ఇంగ్లీషు బాగా చదవగలిగి, ఈ గ్రంథాన్ని ముందే ఒకసారి చదివిన సభ్యులకు ఇది అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. సంఘం బయటి సాహిత్య విద్యార్థులకూ ఇదే చాలు. విశ్వవిద్యాలయ స్థాయి వ్యాఖ్యానం కావాలంటే 2023లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ హార్డీ సంపాదకత్వంలోనే తెచ్చిన సవ్యాఖ్యాన ప్రతి ఉంది, అది బరువైనది, వేరే అవసరానికి. కొత్తగా చదవబోయే వాళ్లు 1 నీఫై నుంచి మొదలుపెట్టి ఆగకుండా 2 నీఫై 5 దాకా ఒక విడతలో, మోషైయ 7 నుంచి 24 దాకా మరో విడతలో చదవమని నా సలహా. యెషయా అధ్యాయాలకు ఆ తర్వాత తిరిగి రావచ్చు.